తీగ దాటని గొంతు

మీటర్ గేజి రోజుల్లో చిన్న స్టేషనుకి రైలుకంటే ముందు గంట వచ్చేది. స్టేషను మాస్టరు గదిలో ఒక మూల నీల్స్ టోకెన్ యంత్రం ఉండేది. ఇనప పెట్టె, తిప్పడానికి ఒక పిడి, దానికో గంట. అవతలి స్టేషను మాస్టరు తన యంత్రం మీద మీట నొక్కితే ఇక్కడి గంట కొట్టుకునేది. ఒక దెబ్బ కొడితే ‘ఇటు చూడు’ అని. రెండు కొడితే ‘లైన్ క్లియర్ ఇస్తావా’ అని. మూడు కొడితే బండి అక్కడ బయల్దేరి సెక్షన్లోకి వచ్చేసిందని. నాలుగు కొడితే బండి చేరింది, లైను ఖాళీ అయిందని. ఆరు దెబ్బలు మాత్రం ఏ స్టేషను మాస్టరూ వినాలనుకోడు. లైనుకి ఏదో అడ్డం పడిందని దానర్థం.

మా నాన్న ఉద్యోగమంతా అలాంటి స్టేషన్లలోనే గడిచింది. క్వార్టర్సు స్టేషనుకి ఆనుకునే ఉండేది కాబట్టి మాకూ ఆ దెబ్బల లెక్క వచ్చేసింది. అమ్మ పొయ్యి దగ్గర్నించే మూడు దెబ్బలు విని, బండి వెళ్లిపోయాక నాన్న భోజనానికి వచ్చే వేళ అంచనా వేసుకుని ఎసరు పెట్టేది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కోడలు, అయిదో క్లాసు దాటని మనిషి. సంకేతం అంటే ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

గంట కొట్టగానే కొట్టినవాడి పని అయిపోయినట్టు కాదు. విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. రెండు పంపితే రెండు రావాలి. రాకపోతే పంపనట్టే లెక్క. కబురు పంపడం వేరు, అది చేరిందని తెలియడం వేరు అన్న సంగతి నాకు మొదట అక్కడే తెలిసింది. ఇవాళ రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ముఖ్యమైన పద్ధతి ఒకదానిలో మొదట ఒకటి పలకరిస్తుంది, రెండోది విన్నానంటూ తనూ పలకరిస్తుంది, ఆ పలకరింపు అందిందని మొదటిది మళ్లీ చెబుతుంది. ఆ మూడు విడతల తంతు అయ్యాకే అసలు సరుకు కదులుతుంది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ఆ ఏర్పాటుకి పునాది వేస్తూ వ్యాసం రాసేనాటికి మా నాన్న ఏదో ఒక స్టేషన్లో రాత్రి డ్యూటీలో గంట తిరగ్గొడుతూనే ఉండి ఉంటాడు.

ఇక టోకెన్. అది పిడికిట్లో పట్టే ఇనప గుండు. రెండు స్టేషన్ల యంత్రాలనీ తీగ కలిపి ఉంచేది. అవతలివాడు తన యంత్రం దగ్గర నిలబడి ఒప్పుకుంటేనే ఇవతలి యంత్రంలోంచి గుండు బయటికి వచ్చేది. ఒక గుండు బయట ఉన్నంతసేపూ ఇటుపక్క గానీ అటుపక్క గానీ రెండోది రాదు. ఆ గుండును తోలు సంచీలో వేసి, పేము చట్రానికి తగిలించి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం చివర చెయ్యెత్తి నిలబడితే, కదిలే ఇంజన్లోంచి డ్రైవరు చేతిని అందులో దూర్చి లాక్కునేవాడు. ఆ గుండు లేకుండా ఒంటి పట్టా మీదకి బండిని తోలే హక్కు డ్రైవరుకి లేదు. 1980లలో ఐబీఎం వాళ్లు కంప్యూటర్లని వలయంలో కలిపి టోకెన్ రింగ్ అని అమ్మారు. టోకెన్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. అదీ పోయింది, ఇదీ పోయింది. ఆ పేము చట్రాన్ని అందుకునేటప్పుడు డ్రైవరు మోచేతికి తగిలే దెబ్బ మాత్రం కంప్యూటర్లకి తెలిసే అవకాశం లేదు.

అదే గదిలో కంట్రోల్ ఫోను ఉండేది. సెక్షన్లోని స్టేషన్లన్నిటికీ ఒకటే తీగ. ఎవరు మాట్లాడినా అందరికీ వినపడుతుంది. అందుకని రిసీవరెత్తి ముందు చెవి పెట్టాలి. ఎవరూ మాట్లాడటం లేదనుకున్నాక ‘కంట్రోల్’ అని పిలిచి మన స్టేషను పేరు చెప్పాలి. ఒకేసారి ఇద్దరు పిలిస్తే ఇద్దరివీ కలిసి గందరగోళమయ్యేది, ఇద్దరూ ఆగేవారు, కాసేపటికి ఎవరో ఒకరు మళ్లీ మొదలుపెట్టేవారు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు ఒకే కేబుల్ మీద అన్ని యంత్రాలకీ పెట్టిన మర్యాద ఇంచుమించు ఇదే. ముందు విను, ఖాళీగా ఉంటే మాట్లాడు, గుద్దుకుంటే ఆగి, కాసేపు ఊరుకుని మళ్లీ ప్రయత్నించు. ఆ ‘కాసేపు’ ఇద్దరికీ ఒకటే కాకూడదు, లేకపోతే మళ్లీ గుద్దుకుంటారు. ఆ రహస్యం నాన్నకి తెలుసు. పక్క స్టేషన్లో ఉన్న కోపిష్టి మనిషి ఎంతసేపు ఆగుతాడో లెక్క తెలుసు కాబట్టి, తను ఇంకొంచెం ఎక్కువ ఆగేవాడు.

ఊళ్లో అయితే కబురంటే తంతి. పోస్టాఫీసులో చెక్క బల్ల మీద మోర్స్ మీట, పక్కనే సౌండరు. దాని పని చాలా సులువు. తీగలో కరెంటు వస్తే విద్యుదయస్కాంతం ఒక ఇనప కడ్డీని కిందికి లాగుతుంది, పోతే కడ్డీ పైకి లేస్తుంది. దిగినప్పుడు ఒక చప్పుడు, లేచినప్పుడు ఇంకో రకం చప్పుడు. రెండు చప్పుళ్ల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. గీత మూడు చుక్కలంత పొడవు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత మౌనం, మాటకీ మాటకీ మధ్య ఏడు. మౌనానికి కూడా కొలత ఉన్న భాష అది. పోస్టుమాస్టరుగారు అటు స్టాంపులు అమ్ముతూ, ఇటు ఎవరితోనో పంచాయతీ ఎన్నికల గురించి వాదిస్తూ, మధ్యలో ఠక్కున ఆగి ఫారమ్మీద రాయడం మొదలుపెట్టేవారు. చెవి తన పని తను చేసుకుంటూ ఉండేదన్నమాట. ఎదురుగా వాదించే మనిషికి తన వాదన గెలిచిందేమోనన్న భ్రమ.

మన దేశంలో ఈ తీగ 1850లో కలకత్తాకీ డైమండ్ హార్బరుకీ మధ్య ప్రయోగంగా మొదలైంది. విలియం ఒషానెసీ అనే డాక్టరు వేయించాడు. 1854లో జనానికి అందుబాటులోకి వచ్చింది. 2013 జూలై 14న చివరి టెలిగ్రాములు తీసుకుని మూసేశారు. అప్పటికి మోర్స్ మీటలు ఎప్పుడో పోయాయి, టెలిగ్రాం పేరే మిగిలింది.

మోర్స్ లిపిలో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరానికి ఒకే చుక్క. ‘టి’కి ఒకే గీత. ‘క్యూ’కి నాలుగు గుర్తులు. మోర్స్ సహచరుడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్ అచ్చాఫీసుకి వెళ్లి ఏ అక్షరం అచ్చుబిళ్లలు ఎక్కువ ఉంటాయో లెక్కపెట్టుకొచ్చాడు. ఎక్కువగా వాడే అక్షరానికి పొట్టి గుర్తు, అరుదైనదానికి పొడుగు గుర్తు. ఇవాళ ఫైళ్లని నొక్కి చిన్నవి చేసే పద్ధతుల్లో ఒకదాని ప్రాణం ఇదే. మన తంతి శాఖ దీన్ని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లింది. శుభాకాంక్షలకి నంబర్లు పెట్టింది. ఒకటో నంబరు దీపావళి, ఎనిమిదో నంబరు పెళ్లి. పంపేవాడు నంబరు రాస్తే చాలు. తీగ మీద వెళ్లేది ఆ అంకె ఒక్కటే. అవతలి ఊళ్లో దాన్ని చూసి, కలకాలం సుఖంగా కాపురం చెయ్యండన్న పూర్తి వాక్యం ఇంగ్లీషులో రాసిచ్చేవారు. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉంటే తీగ మీద పుస్తకం పంపనక్కర్లేదు, పేజీ నంబరు పంపితే చాలు. మా మేనత్త పెళ్లికి వచ్చిన టెలిగ్రాములన్నీ ఒకే వాక్యంతో ఉన్నాయని ఆవిడ అత్తగారికి అనుమానం వచ్చిందట, ఇవన్నీ పెళ్లికూతురి తండ్రే పంపించుకున్నాడేమోనని.

తప్పుల సంగతి అప్పుడే వాళ్లకి బాగా తెలుసు. ప్రతి తంతిలో ముందుగా మాటల లెక్క వచ్చేది. అందుకున్నవాడు రాసుకున్న మాటలు లెక్కపెట్టి, సరిపోకపోతే మళ్లీ అడిగేవాడు. అంకెలుంటే చివర్లో ఇంకోసారి పంపేవారు. అక్షరం తప్పితే మాటని బట్టి ఊహించొచ్చు, అంకె తప్పితే ఊహించడానికి ఏ ఆధారమూ ఉండదు కదా. తెలుగు కబురైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే పోవాలి. అందుకని పల్లెటూళ్లలో అందరికీ అర్థమైన మొదటి ఇంగ్లీషు వాక్యం ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అయింది. పోయాడని రాయకుండా సీరియస్ అని రాయడం మర్యాద. చదివినవాడికీ అసలు సంగతి తెలుసు, రాసినవాడికి అతనికి తెలుసునని తెలుసు. ఆ నాలుగు మాటల్లో లేని అయిదో మాటని ఏ తీగా మోయలేదు.

టెలిఫోను వచ్చాక కొత్త కష్టం మొదలైంది. చిన్న పట్నాల్లో చేత్తో తిప్పే ఫోను, అవతల ఎక్స్ఛేంజిలో తాళ్లతో కలిపే ఆపరేటరు. నంబరు చెప్పబోతే ‘డాక్టరుగారు ఇంట్లో లేరండీ, గుళ్లో కల్యాణానికి వెళ్లారు, అక్కడికి ఇవ్వనా?’ అనేవాడు. వేరే ఊరు కావాలంటే ట్రంకు కాల్ బుక్ చెయ్యాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. అర్జెంటుకి రెట్టింపు, లైట్నింగుకి ఎనిమిది రెట్లు. ఆర్డినరీ బుక్ చేసి సినిమా చూసి వచ్చినవాళ్లున్నారు. కలిసిందంటే మాత్రం అది మామూలు విషయం కాదు. ఊరూరా ఆపరేటర్లు తాడు గుచ్చుకుంటూ పోతే, మన ఊరి బల్ల నుంచి హైదరాబాదు దాకా ఒక దారి మొత్తం మన ఇద్దరికే. మాట్లాడినా మాట్లాడకపోయినా మూడు నిమిషాలు అది మనదే. ఏడ్చినా మనదే.

దారి మనదే కానీ అది చాలా ఇరుకు. టెలిఫోను లైను 300 హెర్ట్జ్ నుంచి 3,400 దాకానే పంపుతుంది. సెకనుకి అన్ని కంపనాలన్నమాట. ఒకే తీగ మీద చాలా సంభాషణలు పక్కపక్కన వెళ్లాలి కాబట్టి, మాట అర్థమవడానికి ఎంత కావాలో అంతే ఇచ్చి రెండు కొసలూ కోసేశారు. పైకొస కోసేసరికి ‘స’ అన్నప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే గాలిలో చాలా భాగం పోయింది. అది నాలుగు వేల పైనే ఎక్కువ ఉంటుంది. అందుకే ఫోన్లో ‘స’ చెబితే ‘ఫ’ వినిపించేది. దానికి తోడు గరగర. ధాన్యం కమీషను కొట్టువాళ్లు ధర చెప్పేటప్పుడు పడే పాట్లు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుంటే వినొచ్చు. ‘ఇరవయ్యా, అరవయ్యా?’ అని ఇవతల నుంచి, ‘అరవై కాదండీ, ఇరవై! టూ జీరో!’ అని అవతల నుంచి. ఊరందరికీ బేరం తెలిసిపోయేది.

కిందికొస కోసెయ్యడం వల్ల పోయింది ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు. రిటైరయ్యాక నాన్న సొంతూరు చేరాడు. నేను హైదరాబాదులో పత్రిక డెస్కు మీద ఉండేవాణ్ణి. అప్పుడప్పుడూ పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేసేవాడు. నాన్నది బరువైన గొంతు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర గేటుమన్ తిరిగి చూసేవాడు. ఫోన్లో కూడా అదే గొంతు, అదే బరువు వినిపించేది. తర్వాతెప్పుడో ఆదివారం అనుబంధానికి టెలిఫోను మీద వ్యాసం రాయాల్సి వచ్చి పుస్తకాలు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను. మగవాడి గొంతుకి ఆధారమైన స్వరం సాధారణంగా 100, 120 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. లైను మొదలయ్యేదే 300 దగ్గర. అంటే నాన్న గొంతులో అసలు స్వరం మా ఊరు దాటి రాలేదు. దాని పై స్వరాలు, మూడింతలు, నాలుగింతలు, అంతకు మించినవి మాత్రమే వచ్చాయి. ఆ వరసని విని, వీటి మధ్య ఎడం ఇంత ఉందంటే వీటి కింద ఉండాల్సిన స్వరం ఇదీ అని వినేవాడి మెదడు లెక్కగట్టి దాన్ని పుట్టించుకుంటుంది. రాని స్వరాన్ని వచ్చినట్టే వింటుంది. నేను విన్న ఆ బరువు నా చెవిలోనే తయారైంది.

అప్పటినుంచి నాకు పాత పరికరాల గురించి ఒకే ఆలోచన. అవి సగం పనే చేసేవి. మిగతా సగం మనుషుల చేత చేయించేవి. తంతి మాటలు లెక్కపెట్టడం, గంట తిరగ్గొట్టడం, ఇరవయ్యా అరవయ్యా అని అడగడం, రాని స్వరాన్ని పూరించడం. ఇప్పుడు ఆ పనులన్నీ యంత్రాల లోపలికి వెళ్లిపోయాయి. సుఖమే, కాదనను. ఆ పని ఎలా చేసేవాళ్లమో మర్చిపోతున్నాం, అంతే.

రైలు పట్టాల పక్కన తీగ స్తంభాలు గుర్తున్నాయా? అడ్డకమ్మీలు, వాటి మీద తెల్లటి పింగాణీ గిన్నెలు, వాటికి కట్టిన తీగలు. కిటికీ దగ్గర కూర్చుంటే తీగలు కిందికి జారుతూ, స్తంభం దగ్గరికి రాగానే పైకి ఎగురుతూ ఉండేవి. తీగ పొడుగయ్యేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. దారిలో ఎక్కడో దానికి బలమివ్వాలి. టెలిఫోను మాటకి ఆంప్లిఫయర్ పెడితే అది మాటనీ పెంచుతుంది, మధ్యలో చేరిన గరగరనీ పెంచుతుంది. ఏది మాటో ఏది గరగరో దానికి తెలియదు. తంతి అలా కాదు. ఉంది, లేదు అన్న రెండే స్థితులు. దారిలోని రిలే, వచ్చిన కరెంటు ఎంత బలహీనంగా ఉన్నా ఉందని తెలిస్తే చాలు, తన బ్యాటరీ నుంచి కొత్త కరెంటు పంపేది. గరగర అక్కడితో ఆగిపోయేది. తర్వాత వందేళ్లకి మాటని కూడా సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ ఎనిమిది బిట్లుగా రాసి, 64,000 బిట్లుగా పంపడం మొదలుపెట్టినప్పుడు జరిగింది తంతి దారికి మళ్లీ రావడమే. తాతల పద్ధతిని కొత్తగా కనిపెట్టామన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి దివిసీమలో ఆ స్తంభాలు కూలాక మాత్రం ఏ పద్ధతీ పనికిరాలేదు. అక్కడ ఎంత జరిగిందో పూర్తిగా బయటికి తెలియడానికి రోజులు పట్టింది.

డెస్కు మీద నాకు దక్కిన అదృష్టం టెలిప్రింటర్. పీటీఐ, యూఎన్ఐ వార్తా సంస్థల యంత్రాలు గాజు తలుపు వెనక రాత్రింబవళ్లు కొట్టుకుంటూ ఉండేవి. మద్రాసులో 1960లో పెట్టిన హిందుస్థాన్ టెలిప్రింటర్స్ కంపెనీవి దేశమంతా వాడేవారు. వేగం 50 బాడ్లు. ఆ పేరు ఎమిల్ బోడో అనే ఫ్రెంచి తంతి ఇంజనీరుది. ఒక్కో అక్షరానికి అయిదు గుర్తులు, ఒక్కోటీ 20 మిల్లీసెకన్లు. ముందు ‘మొదలు’ అని ఒక గుర్తు, చివర ‘ఆగు’ అని ఒకటిన్నర. మొత్తం 150 మిల్లీసెకన్లు. అంటే నిమిషానికి 400 అక్షరాలు. గట్టి టైపిస్టు వేగం. రెండు ఊళ్ల మోటార్లూ ఒకే వేగంతో తిరగాలి, లేకపోతే అక్షరాలన్నీ చెదిరిపోతాయి. మెకానిక్ వచ్చి శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి, దాని కొసలకున్న సందులోంచి తిరిగే మోటారు మీది నలుపు తెలుపు గళ్లని చూసేవాడు. గళ్లు నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిపోయినట్టు. పైకో కిందికో పాకుతుంటే మర తిప్పాలి. సంగీతం మాస్టార్ల దగ్గర ఉండాల్సిన వస్తువు వార్తల గదిలో తిరగడం నాకు వింతగా ఉండేది.

అయిదు గుర్తులతో 32 కూర్పులే వస్తాయి. అక్షరాలకే 26 పోతాయి, అంకెలకి చోటు లేదు. అందుకని ‘ఇక్కణ్ణించి అంకెలు’, ‘ఇక్కణ్ణించి అక్షరాలు’ అని రెండు ప్రత్యేక సంకేతాలు పెట్టారు. వానాకాలం లైనులో గరగర పుట్టి ఆ రెండోది కొట్టుకుపోతే, మళ్లీ ఎక్కడో సరిపడేదాకా వార్త మొత్తం అంకెల్లో వచ్చేది. మా సీనియర్లు దానికి బెదిరేవారు కాదు. కాగితం మీద 430945 అని కనిపిస్తే ‘రిపోర్ట్’ అని చదివేసి తెలుగులోకి రాసుకుంటూ పోయేవారు. కీబోర్డు పై వరసలో ఏ అక్షరం మీద ఏ అంకె ఉందో వాళ్లకి కంఠతా వచ్చు. మరీ ముఖ్యమైన వార్త అయితే యంత్రంలో గంట మోగేది. ఆ గంటకి కూడా కోడ్‌లో ఒక సంకేతం ఉంది, అంకెల వైపు ‘జె’ అక్షరం. అది విని ముందు లేచేది చీఫ్ సబ్ ఎడిటరు కాదు, టీ తెచ్చే కుర్రాడు. ఇక ఎవరూ టీ తాగరని వాడికి తెలుసు.

ఎస్టీడీ బూత్‌ల కాలం గురించి అందరూ రాశారు. పసుపు బోర్డు, ఎర్ర అంకెల మీటరు, రాత్రి పొద్దుపోయాక పావు రేటు కోసం బారులు. నాకు గుర్తుండేది డయలుకి వేసే తాళం. బిల్లు భయంతో యజమానులు మొదటి కన్నంలో చిన్న తాళం బిగించేవారు. కానీ గుండ్రటి డయలు చేసే పనల్లా తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు లైనుని తెంపి కలపడం, సెకనుకి పదిసార్ల వేగంతో. అయిదుకి అయిదుసార్లు, సున్నాకి పదిసార్లు. రిసీవరు పెట్టే మీటని వేలితో అదే జోరులో తట్టినా ఎక్స్ఛేంజికి తేడా తెలియదు. మా డెస్కులో ఒకాయన తాళం వేసిన ఫోను మీద అలా తట్టే విజయవాడలో ఉన్న భార్యతో మాట్లాడేవాడు. నంబరులో సున్నాలు ఎక్కువుంటే విసుక్కునేవాడు. నొక్కుడు బటన్లు వచ్చాక ఆ విద్య పోయింది. అందులో ఒక్కో అంకెకి రెండు స్వరాలు కలిసి మోగుతాయి. అయిదుకి 770, 1,336.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టుని జనానికి తెరిచింది. మా ఆఫీసుకి అది మోడెం రూపంలో వచ్చింది. ఆ చప్పుడు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. డయలు స్వరం, అంకెల పాట, కాసేపటికి అవతల నుంచి 2,100 హెర్ట్జ్ దగ్గర సన్నటి కూత. ఆ కూత ఉత్తినే కాదు. దూరపు లైన్లలో ప్రతిధ్వనిని అణిచే పరికరాలుండేవి, అవి ఉంటే రెండు వైపులా ఒకేసారి మాట్లాడటం కుదరదు. వాటిని పక్కకి తప్పుకోమని చెప్పడం ఆ కూత పని. తర్వాత వచ్చే కిచకిచలు ఇద్దరికీ ఏ ఏ వేగాలు వచ్చో చెప్పుకోవడం. ఆపైన ఒకేసారి అనేక స్వరాలు వదిలి, ఏవి నలిగిపోయాయో ఏవి బాగా వచ్చాయో కొలుచుకునేవి. చివర్లో వచ్చే హోరు రెండు యంత్రాలూ ఆ లైను వంకరలకి అలవాటు పడటం. అంతా అయ్యాక స్పీకరు మూగపోయేది. కనెక్షన్ కలిసిందన్నమాట. కలవకపోతే ఎక్కడ చెడిందో చప్పుడుని బట్టి చెప్పగలిగేవాళ్లం. కూత దాకా వచ్చి ఆగిందా, హోరు దాకా వచ్చి తెగిందా అని. డాక్టర్లు రొమ్ము మీద చెవి పెట్టినట్టు.

అక్కడ అందరూ తికమకపడే సంగతి ఒకటుంది. లైను సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్నది బాడ్, ఎన్ని బిట్లు మోస్తుందన్నది వేరు. టెలిప్రింటర్లో రెండూ ఒకటే. మంచి మోడెం లైనుని సెకనుకి 3,429 సార్లకి మించి మార్చేది కాదు, కానీ 33,600 బిట్లు పంపేది. ఒక్కో మార్పులో స్వరం బలాన్నీ, దశనీ కలిపి అనేక రకాలుగా మార్చి, ఒక్కో మార్పు మీద చాలా బిట్లు ఎక్కించేది. ఎన్నైనా ఎక్కించొచ్చా అంటే కుదరదు. దారి వెడల్పు ఎంత, గరగరకంటే సంకేతం ఎన్ని రెట్లు బలంగా ఉంది అన్న రెండూ తెలిస్తే హద్దు ఎక్కడుందో 1948లోనే క్లాడ్ షానన్ చెప్పాడు. 3,100 హెర్ట్జ్ వెడల్పు, గరగర మీద వెయ్యి రెట్ల బలం అనుకుంటే ఆ సూత్రం ఇచ్చే జవాబు సెకనుకి సుమారు 31,000 బిట్లు. లైను అంతకంటే శుభ్రంగా ఉంటేనే 33,600 కుదిరేది. నాన్న గొంతు కొసలు కోసిన ఇరుకు దారే మోడెంకీ గోడ అయింది.

ఆ మోడెం మీద తెలుగు పంపడం ఇంకో కథ. ఒక్కో కంపెనీది ఒక్కో ఫాంటు, ఇక్కడ ‘క’ కొడితే అక్కడ ఏదో పిచ్చి గుర్తు. ఇప్పుడు యూనికోడ్ ఉంది. ‘స్త్రీ’ అని మనం ఒకే అక్షరంగా రాసేది లోపల ఆరు గుర్తులు. మామూలుగా వాడే పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 144 బిట్లు. మా పాత టెలిప్రింటరు లైను మీద ఆ ఒక్క అక్షరానికి ఇంచుమించు మూడు సెకన్లు పట్టేది. తెలుగు వార్తలు ఇంగ్లీషులో వచ్చి మా చేత తిప్పించుకోవడమే నయమేమో అనిపిస్తుంది అప్పుడప్పుడూ.

ఇప్పుడు ఎవరికీ సొంత దారి లేదు. మాటని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద చిరునామా వేసి వదిలేస్తారు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారుగా ఆలోచించిన పద్ధతి. ముక్కలు ఎవరెవరివో ముక్కలతో కలిసి వెళ్తాయి. మనం మాట్లాడకుండా ఊరుకున్నప్పుడు చాలా ఫోన్లు దాదాపు ఏమీ పంపవు, దండగని. కానీ అవతలివాడికి పూర్తి నిశ్శబ్దం వినిపిస్తే లైను తెగిందనుకుని ‘హలో హలో’ అంటాడు. అందుకని వినే ఫోనే కొంచెం హోరు తయారుచేసి వినిపిస్తుంది. ట్రంకు కాల్ రోజుల్లో వదిలించుకోవడానికి అన్ని తంటాలు పడిన గరగరని ఇప్పుడు చేత్తో చేసి పోస్తున్నారు.

దారి వెడల్పూ పెరిగింది. కొత్త ఫోన్లలో 50 హెర్ట్జ్ నుంచి 7,000 దాకా పంపే పద్ధతులున్నాయి. ‘స’ ‘స’ లాగే వస్తుంది, గొంతు అడుగు స్వరం కూడా వస్తుంది. మా అన్నయ్య టెక్సాస్ నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తాడు. వాడికీ నాన్న గొంతే వచ్చింది, వయసుతో ఇంకా బరువెక్కింది. ఆ బరువు ఇప్పుడు నా చెవి కల్పించుకున్నది కాదు, నిజంగా అక్కణ్ణించి వస్తున్నదే. అయినా వాడు ఫోనెత్తగానే అరుస్తాడు.

‘వినపడుతోందట్రా?’

‘పక్కగదిలో ఉన్నట్టుందన్నయ్యా, ఎందుకలా అరుస్తావ్?’

‘అమెరికా కదరా,’ అంటాడు, ఇంకొంచెం గట్టిగా.